కొండ మీద రాళ్ళు పడితే: విశాఖలో కొండలెక్కేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం వస్తే కొండ దారి పట్టే మన విశాఖ కుర్రాళ్ళు, ఇంట్లో ఫోన్ పట్టుకుని ఎదురుచూసే వాళ్ళ అమ్మానాన్నలు, కొత్తగా తాడు పట్టినవాళ్ళు తిరిగి తిరిగి ఇవే సందేహాలు అడుగుతున్నారు. తొలకరి పడ్డాకా, ఎవరికో దెబ్బ తగిలిందని తెలిసిన రోజునా ఇంకా ఎక్కువ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఒక్క మాట: ప్రథమ చికిత్స చదివితే వచ్చేది కాదు. రక్తం ఆపడం, దెబ్బ తగిలినవాడి మెడ కదలకుండా పట్టుకోవడం ఒకసారైనా శిక్షణలో చేతులతో చేసి చూడండి.

## బయల్దేరే ముందు

మనవి హిమాలయాలు కావు కదా, ఇక్కడ రాళ్ళు ఎందుకు పడతాయి?

హిమాలయాల్లో రాత్రి పగుళ్ళలో నీరు గడ్డకట్టి రాయిని నెడుతుంది, పొద్దెక్కాక కరిగి వదిలేస్తుంది. మనకి ఆ బాధ లేదు, వేరే బాధలున్నాయి. విశాఖ చుట్టూ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ అది పొరలు పొరలుగా విడిపోయి, చివరికి ఎర్రమట్టి అయిపోతుంది. చివికిపోకుండా మిగిలిన గట్టి బండలు ఆ మట్టిలోనే కూరుకుని నిలబడతాయి. చూడటానికి కొండలో భాగంలాగే ఉంటాయి గానీ వాటిని పట్టి ఉంచింది మట్టే. రెండు పెద్ద వానలకి ఆ మట్టి కొట్టుకుపోతే బండకి ఆధారం ఉండదు.

చెట్ల వేళ్ళు ఇంకో కారణం. పగులులో దూరిన వేరు ఏళ్ళ తరబడి రాయిని విడదీస్తూనే, ఇంకోవైపు పట్టి కూడా ఉంచుతుంది. చెట్టు కూలితే రాయి వదులవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన కొండల మీద చెట్లని ఎలా కూల్చిందో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇవి కాక కోతులు, మేకలు, పై దారిలో నడిచే మనుషులు. చిన్న రాళ్ళు చాలావరకు మనకంటే పైనున్న మనిషి కాలి కింద నుంచే వస్తాయి. దానికి మందు మన చేతుల్లోనే ఉంది.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. వాన ఆగిన మర్నాడు ఎండ కాసింది కదా అని బయల్దేరకండి, లోపలి మట్టి ఇంకా నానే ఉంటుంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో చిమిడిపల్లి, బొర్రా గుహల దగ్గర వానాకాలంలో బండరాళ్ళు పట్టాల మీద పడి రైళ్ళు ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ పట్టాలకి కాపలా ఉంటుంది. మనం ఎక్కే చోట ఎవరుంటారు?

రాళ్ళు పడే చోటుని ముందే ఎలా గుర్తుపట్టాలి?

కింద మొదట్లో చూడండి. పదునైన అంచులతో, నాచు పట్టని కొత్త రాళ్ళుంటే అవి ఈమధ్య పడినవి. పైకి చూస్తే, పాతబడి నల్లబడిన రాతి మధ్య లేత రంగు మచ్చ కనిపిస్తే అక్కడి నుంచే ఊడిందని అర్థం. విరిగిన కొమ్మలు, గాటు పడిన చెట్టు మాను కూడా సాక్ష్యాలే. చెయ్యి వేసే ముందు రాయిని పిడికిలితో తట్టండి. డొల్లగా మోగితే దాని మీద బరువు పెట్టొద్దు. భోజనానికీ ఫోటోలకీ వాగు గాడిలో కూర్చోవద్దు. నీళ్ళు దిగే దారే రాళ్ళు దిగే దారి.

అక్కా, బండి హెల్మెట్ వేసుకుంటే సరిపోదా?

ఏమీ లేకపోవడం కన్నా నయం, అంతవరకే. బండి హెల్మెట్ బరువుకి మెడ లాగేస్తుంది, చెవులు మూసుకుపోతాయి, "రాయి!" అన్న కేక సరిగా వినపడదు. కొండలెక్కే హెల్మెట్ వేరు. ఈఎన్ 12492 లేదా యూఐఏఏ 106 అన్న ముద్ర ఉందో లేదో చూసి కొనండి. పరీక్షలో దాని మీద 5 కిలోల బరువుని 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. కొండ మొదట్లో పెట్టుకున్నది మళ్ళీ కొండ దిగి దూరంగా వచ్చాకే తీయాలి. కింద నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళకీ ఇదే మాట.

పిడికెడు రాయికి అంత భయపడాలా?

20 మీటర్ల పైనుంచి వదిలిన రాయి కింద పడటానికి పట్టేది 2 సెకన్లు. అప్పటికి దాని వేగం గంటకి 70 కిలోమీటర్లు దాటుతుంది. 45 మీటర్ల నుంచి అయితే 3 సెకన్లు, వంద దాటిన వేగం. అర కిలో రాయి 20 మీటర్ల నుంచి పడితే దాని శక్తి 5 కిలోల బరువు 2 మీటర్ల నుంచి పడినంత, అంటే హెల్మెట్ల పరీక్షలో కొట్టే దెబ్బంత. రాయి కిలో ఉంటే దానికి రెట్టింపు. హెల్మెట్ తప్పకుండా పెట్టుకోవాలి. అయినా అది ఉంది కదా అని రాళ్ళు పడే చోట నిలబడకూడదు.

ఇంట్లో చెప్తే వెళ్ళనివ్వరు. చెప్పకుండా వెళ్తే ఏమవుతుంది?

2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆరన్ రాల్స్టన్ అనే అనుభవమున్న పర్వతారోహకుడు ఒక్కడే ఇరుకు లోయలో దిగాడు. కదిలిన బండ ఒకటి అతని కుడి చేతిని గోడకి నొక్కేసింది. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి రోజులు గడిచినా అతని దగ్గరికి ఎవరూ రాలేదు. 127 గంటల తర్వాత తన చేతిని తనే కోసుకుని బయటపడ్డాడు. అతని ధైర్యం గురించి అందరూ చెప్తారు. నేను మాత్రం పిల్లలకి ఆ చెప్పకపోవడం గురించే చెప్తాను.

ఇంట్లో కాకపోతే ఒక స్నేహితుడికైనా నాలుగు సంగతులు రాసి పంపండి: ఏ కొండ, ఏ దారి, ఎంతమంది, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు. ఆ వేళ దాటి గంటయితే ఏం చేయాలో కూడా అతనికి ముందే చెప్పి ఉంచండి.

అనుమతి తీసుకోవాలా?

కంబాలకొండ అభయారణ్యం, అటవీ శాఖని అడగాలి. డాల్ఫిన్ నోస్‌లో నౌకాదళం ఉంది, ఇష్టం వచ్చినట్టు ఎక్కే చోటు కాదు. అనుమతితో వెళ్తే మీరు లోపల ఉన్నారని ఒకరికి తెలిసి ఉంటుంది.

మా తమ్ముడు ఉత్తరకాశీలో కోర్సుకి వెళ్తున్నాడు. అక్కడా ఇవే జాగ్రత్తలా?

హెల్మెట్, కేక, తాడు పద్ధతులు అన్నిచోట్లా ఒకటే. మారేది వేళ. మంచు కొండల్లో ఎండ తగిలాక రాళ్ళు వదులవుతాయి, అందుకే తెల్లారకముందే బయల్దేరి ప్రమాదమైన గాడిలని దాటేస్తారు. ఉత్తరకాశీలో 1965లో మొదలైన నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనూ, డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ పర్వతారోహణ సంస్థలోనూ ఇవి చేయించి నేర్పుతారు. నిశ్చింతగా పంపండి.

## రాయి వస్తున్నప్పుడు

"రాయి!" అని అరుపు వినగానే పైకి చూడాలా, వద్దా?

గోడకి దగ్గరగా నిటారు చోట ఉంటే చూడొద్దు. తల ఎత్తితే ముఖానికి తగులుతుంది. గోడకి అతుక్కుపోండి, భుజాలు పైకి లాగి మెడని దాచండి, హెల్మెట్ కింద వీలైనంత చిన్నగా అయిపోండి. చేతులు హెల్మెట్ మీద పెట్టొద్దు, వేళ్ళు నలిగితే మళ్ళీ తాడు పట్టలేరు. వీపు మీద సంచి ఉంటే పైకి జరిపితే మెడకి అడ్డం ఉంటుంది. పక్కనే ముందుకి పొడుచుకొచ్చిన బండ ఉంటే దాని కిందికి దూరండి.

కొండకి దూరంగా వాలులో ఉండి, రాయి చాలా పైన ఉంటే మాత్రం చూడాలి. దొర్లే రాయి ఎగిరిన ప్రతిసారీ దారి మార్చుకుంటుంది. తొందరపడి ఒక పక్కకి పరుగెడితే అదే పక్కకి రావచ్చు. దాని మీద కన్ను పెట్టి, దగ్గరికి వచ్చాక పక్కకి తప్పుకోండి.

గాడిలో ఉండగా వస్తే కిందికి పరుగెత్తాలా?

వద్దు, రాయిని గెలవలేరు. అడ్డంగా, గట్టు వైపు వెళ్ళండి.

నా కాలు తగిలి రాయి కదిలింది. ఎవరికీ తగల్లేదు. అరవాలా?

అరవాలి. గులకరాయైనా, కింద ఎవరూ లేరనుకున్నా "రాయి! రాయి! రాయి!" అని అది ఆగేదాకా అరవండి. సిగ్గుపడి ఊరుకునేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కింద ఉన్నవాడికి ఆ కేక తప్ప వేరే రక్షణ లేదు. పెద్ద రాయి కదిలి ఇంకా పడకపోతే, దాన్ని పట్టుకుని ఉండి కింద వాళ్ళని పక్కకి జరగమనండి.

నేను కింద తాడు పట్టుకుని ఉన్నాను. తప్పుకుంటే పైవాడు పడిపోతాడు కదా?

అందుకే నిలబడే చోటుని ముందే ఎంచుకోవాలి. ఎక్కేవాడికి సరిగ్గా కింద కాకుండా, పక్కకి, బండ నీడలో నిలబడండి. రాయి వచ్చినా బ్రేక్ వైపు చెయ్యి, అంటే తాడు జారకుండా ఆపే చెయ్యి, తాడుని వదలకూడదు. ఎక్కేవాడి తాడుని కింద నుంచి పట్టి ఉంచే వాటిని బిలే పరికరాలు అంటారు, వాటిలో చెయ్యి జారినా తాడుని పట్టేసే రకం ఉన్నాయి. రాళ్ళు పడే చోట అవే వాడమని నా సలహా.

## పడిన మొదటి నిమిషాల్లో

స్నేహితుడికి రాయి తగిలి పడిపోయాడు. పరుగెత్తుకెళ్ళాలా?

ఒక్క క్షణం ఆగి పైకి చూడండి. రాయి ఒక్కటే రాదు. మొదటిది ఊడిన చోట వదులైనవి ఇంకా ఉంటాయి. గబగబా వెళ్ళినవాడికి రెండోది తగిలితే సాయం చేయాల్సినవాళ్ళు ఒకరు తగ్గుతారు, సాయం కావలసినవాళ్ళు ఒకరు పెరుగుతారు. పైన కదలిక లేదని చూసుకుని, ఒకరిని పైకి చూస్తూ నిలబెట్టి, మిగతావాళ్ళు వెళ్ళండి.

దగ్గరికి వెళ్ళాక ముందు ధారగా కారే రక్తం ఆపాలి. తర్వాత ఊపిరి ఆడుతోందా, పిలిస్తే పలుకుతున్నాడా చూడాలి. రాళ్ళు ఇంకా పడుతుంటే మాత్రం ఇవన్నీ వదిలి, తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా పట్టుకుని పక్కకి లాగేయండి. వెన్ను సంగతి ప్రాణం తర్వాతే.

రక్తం ఎంత నొక్కినా ఆగడం లేదు. ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి అరచేతి మడమతో, మీ బరువంతా వేసి నొక్కండి. నిమిషానికోసారి ఎత్తి చూడొద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి. కాలికో చేతికో తగిలి అప్పటికీ ధార ఆగకపోతే టోర్నికెట్ కట్టాలి. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, అరచేతిలో సగమైనా వెడల్పున్న పట్టీ చుట్టి, ముడిలో గట్టి కర్ర పెట్టి రక్తం ఆగేదాకా తిప్పి, కర్ర జారకుండా కట్టేయండి. సన్నని తాడు, చెప్పుల లేసు పనికిరావు, కండని కోసేస్తాయి. చాలా నొప్పి పుడుతుంది, అతను విప్పమని వేడుకుంటాడు. విప్పకండి. కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాయండి. మధ్యలో వదులు చేసి మళ్ళీ బిగించాలన్నది పాత మాట, దానివల్ల ఉన్న రక్తం కూడా పోతుంది.

కాలు బండ కింద ఇరుక్కుంది. అందరం కలిసి ఎత్తేయొచ్చా?

ఇప్పుడే పడి, మీ బలానికి లొంగే బండ అయితే ఎత్తండి. ముందు అది మళ్ళీ దొర్లకుండా పక్కల రాళ్ళు కూరండి. ఎత్తేకొద్దీ కింద ఇంకో రాయి పెడుతూ రండి. చేతులు మాత్రం కిందికి పోనివ్వకండి.

గంటలు గడిచిపోతే సంగతి వేరు. నలిగిన కండలో పొటాషియం, ఇతర విష పదార్థాలు పేరుకుంటాయి. బరువు తీయగానే అవి ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండెని ఆపేయవచ్చు, తర్వాత మూత్రపిండాలని దెబ్బతీయవచ్చు. అప్పుడు ఫోన్‌లో డాక్టరు మాట విని చేయండి. వచ్చిన సిబ్బందికి "ఇన్ని గంటల నుంచి ఇరుక్కున్నాడు" అని మొట్టమొదట చెప్పండి. వాళ్ళు సెలైన్ ఎక్కించి గానీ బండ కదపకపోవచ్చు. "ఇంకా ఎత్తరేం?" అని వాళ్ళ మీద అరవకండి.

తాడుకి వేలాడుతూనే స్పృహ తప్పాడు. దించాక కూర్చోబెట్టాలా?

వీలైనంత త్వరగా దించండి. కదలకుండా హార్నెస్‌లో (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల్లో) వేలాడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. దించాక వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టండి. మోకాళ్ళు మడిచి కూర్చోబెట్టాలని ఒకప్పుడు చెప్పేవారు, ఇప్పుడు చెప్పడం లేదు.

ఎముక బయటికి కనిపిస్తోంది. లోపలికి నెట్టాలా?

నెట్టొద్దు, పసుపు, కాఫీపొడి వంటివి వేయొద్దు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, ఉన్న వంకరలోనే కర్రలు కట్టి కదలకుండా చేయండి. వేళ్ళ కొసలు వెచ్చగా ఉన్నాయా, స్పర్శ ఉందా అని మధ్యమధ్యలో చూడండి.

## సాయం వచ్చేదాకా

108కి చేయాలా, 112కి చేయాలా? మేం ఉన్న చోటు ఎలా చెప్పాలి?

అంబులెన్సుకి 108. పోలీసు, అగ్నిమాపక సిబ్బంది కూడా కావాలంటే 112. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలవచ్చు. "కొండ మీద ఉన్నాం" అంటే వాళ్ళకి ఏమీ తెలియదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నీలి చుక్క మీద నొక్కి పట్టుకుంటే వచ్చే అంకెలు చదివి చెప్పండి. దగ్గరి ఊరు, బండి ఎక్కడిదాకా వస్తుందో చెప్పండి. ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి. అరకు, అనంతగిరి వైపు అయితే అంబులెన్సు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అరకు నుంచి విశాఖ దాదాపు 115 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ దారి. రక్తం ఆగని మనిషిని నేరుగా సిటీకే తేవాలని పట్టుబట్టకుండా అరకులోనో ఎస్.కోటలోనో ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు చూపించండి.

సిగ్నల్ అసలు లేదు.

కాల్ వెళ్ళకపోయినా మెసేజ్ వెళ్ళవచ్చు, రాసి పంపి ఉంచండి. ఒకరు గాయపడినవాడి దగ్గర, ఇద్దరు సిగ్నల్ కోసం. ఒంటరిగా ఎవరినీ పంపొద్దు. విజిల్ ఉంటే నిమిషంలో 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ 6 సార్లు. చీకట్లో టార్చితో అలాగే. నిమిషానికి 3 సార్లు జవాబొస్తే మీ కబురు అందినట్టే.

ఆన్‌లైన్‌లో శాటిలైట్ ఫోన్ కొనుక్కుంటే?

అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, కేసవుతుంది. శాటిలైట్‌తో మెసేజ్ పంపే చిన్న పరికరాలకీ ఇదే చిక్కు.

నీళ్ళు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

మగతగా ఉన్నా, వాంతులవుతున్నా, కడుపుకి తగిలినా ఇవ్వొద్దు, పెదవులు తడపండి. తెలివిగా ఉండి, సాయం రావడానికి గంటలు పట్టేలా ఉంటే గుక్క గుక్కగా ఇవ్వొచ్చు.

విశాఖ ఎండలో కూడా దుప్పటి కప్పాలా?

కప్పాలి. రక్తం పోయిన మనిషి ఎండాకాలంలో కూడా చల్లబడతాడు, చల్లబడితే రక్తం గడ్డకట్టడం తగ్గుతుంది. పైన కప్పడం కన్నా కింద పరవడం ముఖ్యం, బండ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. తడి బట్టలు తీసేయండి. లంబసింగి, పాడేరు వైపు డిసెంబరు రాత్రి అయితే మీ ఒంటి మీద స్వెట్టర్ కూడా ఇచ్చేయాల్సి రావచ్చు.

ఊరివాళ్ళు డోలీ కట్టి దించుతామంటున్నారు. సరేననాలా?

మన్యంలో రోడ్డు లేని ఊళ్ళ నుంచి రోగులని డోలీలో మోసి దించడం వాళ్ళకి తప్పనిసరి బతుకు. ఆ దారులు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు, వాళ్ళ సాయం అందితే అదృష్టమనుకోండి. చెయ్యి విరిగినా, కింది కాలు విరిగినా కర్రలు కట్టి డోలీలో దించవచ్చు. మెడ నొప్పి, నడుం నొప్పి, కాళ్ళు తిమ్మిరి అంటుంటే మాత్రం వద్దు, డోలీలో ఒళ్ళు వంగిపోతుంది. అప్పుడు వాళ్ళనే అడిగి రెండు వెదురు బొంగుల మీద బల్ల గానీ తలుపు గానీ కట్టించి, దాని మీద కదలకుండా కట్టి మోయండి. తల పట్టుకున్నవాడు చెప్పినప్పుడే అందరూ ఒకేసారి ఎత్తాలి.

## ఆసుపత్రిలో

తలకి తగిలింది గానీ నడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళకీ నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే: ముందు ఆసుపత్రికి వెళ్ళండి. పుర్రె ఎముకకీ మెదడు పొరకీ మధ్య రక్తనాళం చిట్లితే, మనిషి కాసేపు మామూలుగానే మాట్లాడతాడు. లోపల రక్తం చేరుతూ ఉంటుంది. కొన్ని గంటల్లో మత్తులోకి వెళ్ళిపోతాడు. ఇంట్లో పడుకుంటే అది నిద్రనే అనుకుంటారు. హెల్మెట్ పగిలినా, కాసేపు స్పృహ తప్పినా, జరిగింది గుర్తులేకపోయినా డాక్టరు చూడాల్సిందే.

డాక్టరు పంపించేశాక కూడా 24 గంటలు ఒకరు పక్కన ఉండాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబాటు, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ళలాంటిది కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే వెనక్కి. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేయొద్దు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

విశాఖలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్.

పోలీసు కేసని చెప్పి చేర్చుకోకపోతే?

అత్యవసర వైద్యం ముందు, కాగితాలు తర్వాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది ప్రైవేటు డాక్టర్లకీ వర్తిస్తుంది. మెడికో లీగల్ కేసు (పోలీసులకి తెలియజేసే కేసు) అని రాస్తే రాయనివ్వండి, అది మామూలు పద్ధతే. మీరేదో తప్పు చేశారని కాదు.

డాక్టరుకి ఏమేం చెప్పాలి?

ఎంత రాయి, ఎంత ఎత్తు నుంచి, ఎన్ని గంటలకి, ఎక్కడ తగిలింది, ఎంతసేపు స్పృహ లేదు, టోర్నికెట్ ఎప్పుడు కట్టారు, ఎంతసేపు బండ కింద ఉన్నాడు. పగిలిన హెల్మెట్ పట్టుకెళ్ళి చూపించండి. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నాడో గుర్తుంటే చెప్పండి.

కాలు నలిగింది, కట్టు కట్టి పంపేశారు. మూత్రం కోలా రంగులో వస్తోంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, తెల్లారేదాకా ఆగొద్దు. నలిగిన కండ కరిగి మూత్రపిండాల్లో అడ్డుపడుతోందనడానికి అది గుర్తు. కాలు రాయిలా బిగుసుకుపోయి, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి, తిమ్మిరి ఉన్నా అంతే. లోపలి ఒత్తిడికి రక్తం ఆడటం లేదన్నమాట, కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే కండ చచ్చిపోతుంది.

బీమా వర్తిస్తుందా?

ఆరోగ్య బీమా పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు సాధారణంగా వాటిని వృత్తిగా చేసేవాళ్ళకి అని ఉంటుంది. సరదాగా వెళ్ళినవాళ్ళు ఆ వాక్యం చూపించి అడగవచ్చు. ప్రమాద బీమా పాలసీల షరతులు వేరు, కొండ ఎక్కే ముందే చదవండి. అర్హత ఉన్న కుటుంబాలు ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో అడగండి.

## ఇంటికి వచ్చాక

గాయం మానింది గానీ రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాను. పిరికివాడినైపోయానా?

కాదు. ఒళ్ళు ఇంకా ఆ శబ్దం కోసం కాపలా కాస్తోంది. మొదటి కొన్ని వారాలు కలలు, ఉలికిపాటు, ఆకలి లేకపోవడం చాలామందికి వస్తాయి, మెల్లగా తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, పని మానేసి కూర్చుంటే, తాగుడు అలవాటవుతుంటే మానసిక వైద్యులని కలవండి. టెలి మానస్ 14416కి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. దెబ్బ తగలనివాళ్ళు కూడా ఫోన్ చేయాలి. పక్కవాడికి తగిలి తమకి తగలనందుకు లోలోపల నలిగిపోయేవాళ్ళు ఎందరో, వాళ్ళని ఎవరూ పలకరించరు.

తాడు చూడటానికి బాగానే ఉంది. మళ్ళీ వాడొచ్చా?

రాయి తగిలిన హెల్మెట్ పైకి పగలకపోయినా పక్కన పెట్టేయండి. తాడుని చివరి నుంచి చివరి దాకా వేళ్ళ మధ్య జార్చి చూడండి. ఒకచోట మెత్తగా, చదునుగా, బిరుసుగా తగిలినా, పై తొడుగు తెగినా దాని పని అయిపోయింది. అనుమానమున్న తాడుని ముక్కలుగా కోసేయండి, లేకపోతే ఎవరో ఒకరు తీసుకెళ్ళి కట్టుకుంటారు.

మళ్ళీ ఎప్పుడు ఎక్కొచ్చు? అమ్మ ఒప్పుకోవడం లేదు.

తలకి తగిలితే, తలనొప్పి, తల తిరగడం పూర్తిగా పోయి డాక్టరు సరే అనేదాకా వద్దు. ఆలోగా రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం. ఎముక విరిగితే అతికిందని ఎక్స్‌రే చూపించాక కూడా కండ బలం రావడానికి నెలలు పడుతుంది. అమ్మతో వాదించకండి. ఆవిడ ఆసుపత్రి వరండాలో కూర్చుని గడిపిన రాత్రి మీకు తెలియదు. మొదటిసారి చిన్న దారికి, వదులు రాళ్ళు లేని చోటికి, ఆవిడని కూడా కొండ కిందిదాకా తీసుకెళ్ళండి. హెల్మెట్ పెట్టుకోవడం, తాడు కట్టుకోవడం, ఎవరు ఎక్కడ నిలబడతారో ఆవిడ కళ్ళతో చూడనివ్వండి. అప్పటికీ వద్దంటే ఆ సీజన్ వదిలేయండి.